బీడీ కట్టపై క్యాన్సర్ బొమ్మ - చుట్టే చేతులకు బెంగ

సిద్దిపేట: తునికాకు నానబెట్టి, కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మహిళలు సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో వాడవాడనా కనిపిస్తారు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. ఇచ్చిన ఆకు చాలకపోతే కొనుక్కోవలసిందీ వారే. పొట్టకూటి కోసం చుట్టిన కట్టపైనే క్యాన్సర్ బొమ్మ వేయాలని చట్టం చెబుతుంటే ఈ పని ఎన్నాళ్లుంటుందోనన్న బెంగ సహజమే.

నిజానికి 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం బీడీని నిషేధించలేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు అమ్మరాదు. బడికి నూరు గజాల లోపల అమ్మరాదు. బస్టాండులో తాగితే రూ.200 దాకా జరిమానా. 2016 ఏప్రిల్ నుంచి పొట్లంపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ తప్పనిసరి అయింది.

గుట్కా సంగతి వేరు. వక్క, సున్నం కలిపి నమిలేది గనుక దానికి ఆహార భద్రతా చట్టం అడ్డు వచ్చింది. 2006 నాటి ఆ చట్టం కింద 2011లో చేసిన నిబంధన ప్రకారం ఏ తిండి వస్తువులోనూ పొగాకు, నికోటిన్ కలపరాదు. 2024 మే నెలలో తెలంగాణ ఆహార భద్రతా కమిషనర్ గుట్కాను ఏడాదిపాటు నిషేధించారు. వ్యాపారులకు తెలివి తక్కువా! పాన్‌మసాలా ఒక పొట్లం, పొగాకు మరో పొట్లం చేసి జంటగా అమ్మే ఎత్తు ఎప్పుడో వేశారు.

బీడీ కార్మికులకిచ్చే పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2019లో రూ.2,016కు పెంచింది. పుస్తకంలో పేరెక్కక, పి.ఎఫ్. లేకుండా చుట్టేవారికి మాత్రం అది అందదు.