రైతుల పట్టిక వరుస తప్పిన ఏమి చేయవలెను?

చోడవరం ప్రాంతమున వరికిగాని, చెరకుకుగాని ఈ-పంట నమోదు చేయునపుడు రైతుల పట్టికలు అవసరమగును. పూర్వము కాగితముపై వ్రాసిన ఈ పట్టికలను నేడు కంప్యూటరులో ఎక్సెల్ నందు ఉంచుకొనుచున్నాము. సర్వే నంబరు వరుసకు తెమ్మన్నచో వందల పేర్లు క్షణములో సర్దుకొనును. కాని ఒక్కొక్కప్పుడు 2 కన్న ముందు 10 వచ్చును. ఇంకొకప్పుడు ఒక రైతు పేరు ప్రక్కకు మరొకరి బ్యాంకు ఖాతా చేరును. మొదటిది చికాకు మాత్రమే. రెండవదానివలన ఒకరి సొమ్ము వేరొకరికి పోవును.

2 కన్న ముందు 10 ఏల వచ్చును?

అంకెలు అక్షరములుగా నమోదైనచో యంత్రము వాటిని నిఘంటువులోని మాటలవలె పేర్చును. అప్పుడు 1, 10, 100, 2 అను వరుస వచ్చును. సాధారణముగా అంకెలు గడిలో కుడివైపునకు, అక్షరములు ఎడమవైపునకు ఒదిగి ఉండును. ఎడమకు ఒదిగిన సర్వే నంబర్లను సంఖ్యలుగా మార్చవలెను. బ్యాంకు ఖాతాలను మాత్రము అట్లు మార్చరాదు. మొదటి సున్నలు పోవును. 15 అంకెలు దాటిన ఖాతాలో చివరి అంకెలు సున్నలగును.

సర్వే నంబరు తారీఖుగా మారుట

12/3 అని కొట్టినచో యంత్రము మార్చి 12 అని గ్రహించును. 45/3 తారీఖు కాజాలదు గనుక అక్షరములుగనే మిగులును. రెండు జాతులు కలిసిన వరుస కుదరదు. మారిన గడిని తరువాత టెక్స్ట్‌గా మార్చినను ఐదంకెల సంఖ్యయే కనిపించును. పాసుపుస్తకము చూచి తిరిగి కొట్టవలెను. సర్వే నంబరును ఒక నిలువు వరుసలోను, సబ్‌డివిజనును ప్రక్క వరుసలోను వ్రాసి, మొదట సర్వే నంబరు, పిమ్మట సబ్‌డివిజను ప్రకారము పేర్చుట ఉత్తమము.

పేరుకు ముందు ఖాళీ

పేరుకు ముందు పొరపాటున ఖాళీ పడినచో ఆ పేరు పట్టిక మొదటికి పోవును. ట్రిమ్ సూత్రముతో ఖాళీలను తొలగింపవచ్చును.

పేరొకచోట, ఖాతా మరొకచోట

ఒక్క నిలువు వరుసను మాత్రమే ఎంచి పేర్చినచో పేర్లు కదలును, ఖాతాలు కదలవు. ఎక్సెల్ హెచ్చరించినపుడు ‘ఎక్స్‌పాండ్ ది సెలెక్షన్’ అనుదానినే ఎంచవలెను. పట్టిక నడుమ పూర్తిగా ఖాళీగా నున్న వరుసలను ముందే తీసివేయవలెను. లేనిచో వాటికి ఆవలి భాగము కదలక నిలిచిపోవును.

పాటించవలసిన జాగ్రత్తలు

1. పేర్చుటకు ముందు పట్టికకు నకలు తీసి ఉంచవలెను.
2. మొదటి నిలువు వరుసలో క్రమసంఖ్యలు వేయవలెను. వాటి ప్రకారము పేర్చినచో పట్టిక మరల పూర్వపు వరుసకు వచ్చును.
3. పొరపాటు కనిపించినంతనే కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కవలెను.
4. పని ముగిసిన పిమ్మట మొదట, నడుమ, చివర కొందరి వివరములను పాసుపుస్తకములతో సరిచూడవలెను.

రైతు సోదరులు కూడ జాబితాలో తమ పేరున్నదని తృప్తిపడక, దాని ఎదుటనున్న సర్వే నంబరు, విస్తీర్ణము, ఖాతా చివరి అంకెలు తమవేనా యని చూచుకొనవలెను.