ఒకే కారు, ఇరవై పేర్లు

2020 ఫిబ్రవరిలో సైమన్ వెకెర్ట్ అనే జర్మన్ కళాకారుడు ఒక వీడియో బయటపెట్టాడు. చిన్న ఎర్రబండిలో 99 సెకండ్ హ్యాండ్ ఫోన్లు వేసుకుని, దాన్ని లాక్కుంటూ బెర్లిన్ వీధుల్లో నడిచాడు. అన్నిటిలోనూ గూగుల్ మ్యాప్స్ నడుస్తోంది. ఇన్ని ఫోన్లు నత్తనడకన కదలడంతో, ఖాళీ వీధి మ్యాప్‌లో ఎర్రబడింది. 2014లోనే ఇజ్రాయెల్‌లో టెక్నియన్ విద్యార్థులు ఆ బండి లాగే శ్రమ కూడా లేకుండా, ప్రోగ్రాంతో ఉత్తుత్తి డ్రైవర్లను పుట్టించి వేజ్ యాప్‌లో లేని జామ్ చూపించారు.

ఒక్కడే గుంపుగా కనిపించే ఈ విద్యను సిబిల్ దాడి అంటారు. పేర్లిచ్చే కేంద్ర వ్యవస్థ లేకపోతే దీన్ని పూర్తిగా ఆపడం ఆచరణలో కుదరదని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జాన్ డౌసర్ 2002లో తేల్చాడు.

మ్యాప్ మోసపోతే మహా అయితే ఆలస్యమవుతుంది. కార్లు నేరుగా మాట్లాడుకునే చోట కథ వేరు. 5.9 గిగాహెర్ట్జ్ రేడియో మీద ఒక్కో వాహనం సెకనుకు దాదాపు 10 సార్లు తన చోటు, వేగం, దిశ, బ్రేకు సంగతి చుట్టుపక్కల వాళ్లకు చెబుతుంది. ముందున్న లారీ అవతల ఎవరో సడన్ బ్రేకు వేస్తే, కంటికి కనబడకముందే మన కారుకు తెలుస్తుంది. రోడ్డు పక్కన ఒకడు లాప్‌టాప్ పెట్టుకుని లేని ఇరవై కార్లుగా మాట్లాడితే? ఎక్కువమంది చెప్పిందే నిజమని నమ్మే చోట అది దొంగ ఓట్లు గుద్దినట్టే. పైగా నిజం చెబుతున్న కారునే అబద్ధాలకోరుగా తేల్చేయవచ్చు.

కారుకో డిజిటల్ సర్టిఫికెట్ ఇచ్చి, ప్రతి సందేశం మీదా సంతకం పెట్టిస్తే సరిపోదా? సరిపోదు. పేరు మారకపోతే, రోడ్ల వెంట రిసీవర్లు పెట్టుకున్న ఎవడికైనా మీ కారు ఎప్పుడెక్కడుందో తెలిసిపోతుంది. అందుకే అమెరికాలో రూపొందించిన వ్యవస్థలో కారుకు వారానికి 20 మారుపేరు సర్టిఫికెట్లు ఇస్తారు. అన్నీ ఆ వారమంతా చెల్లుతాయి. కారు వాటిని మారుస్తూ పోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. యజమాని గోప్యత కోసం ఇచ్చిన ముసుగులు, ఒక్క కారు డిజిటల్ తాళాలు దొంగ చేతిలో పడితే ఇరవై అసలైన ముఖాలవుతాయి. సంతకాలన్నీ సరైనవే మరి!

అప్పుడు భౌతికశాస్త్రాన్ని అడగాలి. ఇరవై చోట్ల ఉన్నామనే కార్ల సంకేతాలు ఒకే యాంటెన్నా నుంచి వస్తే, వాటి బలం, వచ్చే దిక్కు పట్టిస్తాయి. తెలివైన దొంగ బలాన్ని పెంచీ తగ్గించీ ఏమార్చగలడు. దిక్కును మార్చడం అంత తేలిక కాదు. పక్కన కారుందని సందేశం అంటుంటే రాడార్‌కు, కెమెరాకు ఖాళీ రోడ్డే కనిపించడం ఇంకో ఆధారం.

ఇలా అనుమానం వచ్చిన కార్లు పంపే ఫిర్యాదులు పోగయ్యాక, ఆ మారుపేర్లన్నీ ఒకే కారువని తేల్చే మార్గం ఉంది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే: ఆ గుట్టును రెండు వేర్వేరు సంస్థలకు పంచి ఉంచారు, ఏ ఒక్కదానికీ పూర్తిగా తెలియదు. రెండూ కలిస్తేనే గుట్టు వీడుతుంది, ఆ కారు సర్టిఫికెట్లన్నీ ఒక్కసారిగా రద్దవుతాయి. కానీ ఆ రద్దు జాబితా రోడ్డు మీది ప్రతి కారుకూ చేరాలి. చేరేదాకా ఆ ఇరవై సంతకాలూ చెల్లుతూనే ఉంటాయి. కాబట్టి బ్రేకు నొక్కే నిర్ణయాన్ని రేడియో మాటకే వదిలేయకుండా, కారు సొంత కెమెరాకూ రాడార్‌కూ అందులో వాటా ఇవ్వాలి.