ప్రైవేటు చదువులు - తల్లుల కర్తవ్యము

సాయంకాలము పాఠశాల విడిచినంతనే పిల్లలు ఇల్లు చేరి, నాలుగు మెతుకులు నోట వేసికొని, మరల పుస్తకముల సంచి భుజమునకు తగిలించుకొని ప్రైవేటునకు పరుగెత్తుట మనమందరము నిత్యము చూచుచున్నదే. పగలు తరగతిలో పాఠము చెప్పిన ఉపాధ్యాయుడే సాయంకాలము రుసుము పుచ్చుకొని తన యింటి వసారాలో ఆ పాఠమునే మరల చెప్పుటయు కొన్నిచోట్ల కలదు. "ఆయన యొద్దకు పంపకున్నచో పిల్లవానికి మార్కులు సరిగా వేయునో వేయడో" యను జంకుతో, ఇంటి ఖర్చులలో మిగిల్చి నెలనెలా ఆ సొమ్ము చెల్లించు తల్లులెందరో యున్నారు. ఈ జంకు తీరు మార్గమేది?

ప్రైవేటు చెప్పించుట యంతయు దోషమని నేననను. తల్లికి ఇంగ్లీషు పాఠము తెలియకపోవచ్చును. తండ్రి రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరువాడు కావచ్చును. పట్టము పుచ్చుకొని యింటనున్న పొరుగింటి యువతి పదిమంది పిల్లలకు చదువు చెప్పి గౌరవముగా నాలుగు రాళ్లు సంపాదించుకొన్నచో తప్పేమున్నది? మన దేశపు గ్రామములలో 1 మొదలు 8 తరగతుల పిల్లలలో రుసుమిచ్చి ప్రైవేటు చదువువారు 2018లో నూటికి 26 మంది యుండగా, 2022 నాటికి 30 మందికి పెరిగిరని 'అసర్' నివేదిక తెలుపుచున్నది. ఇంతగా పెరిగినదానిని ఒక్క యాజ్ఞతో మాన్పవచ్చునా? దక్షిణ కొరియా ప్రభుత్వము 1980లో అట్టి నిషేధమునే విధించెను. ధనవంతులు చాటుమాటుగా చెప్పించుకొనుచునే యుండిరి. తుదకు 2000లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పెను.

కావున దోషము అదనముగా చదువుటలో లేదు. పరీక్ష దిద్దు చేయియు, రుసుము పుచ్చుకొను చేయియు ఒక్కటియే యగుటలో నున్నది. అట్లైనచోట పగటి పాఠము పలుచబడి, సాయంకాలపు పాఠము చిక్కనగును. రుసుమీయలేని తల్లి బిడ్డ చివరి బల్లకు చేరును. నిజాయితీగల ఉపాధ్యాయునిపై సైతము అనుమానము పడును.

ఈ విషయమున మన చట్టము స్పష్టముగనే యున్నది. 2009వ సంవత్సరపు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేది నుండి అమలులోనికి వచ్చినది. ఉపాధ్యాయుడెవ్వడును ప్రైవేటు చెప్పరాదని దాని 28వ సెక్షను శాసించుచున్నది. ప్రతి బిడ్డకు చదువు ఎంతవరకు అబ్బినదో కనిపెట్టి, అవసరమైనచో అదనముగా బోధించుట ఉపాధ్యాయుని విధియని 24వ సెక్షను చెప్పుచున్నది. అనగా మనము రుసుమిచ్చి కొనుచున్నది మన బిడ్డకు హక్కుగా రావలసినదే! చట్టము కాగితముపై నుండినంత మాత్రమున ఫలము లేదు. దానిని ప్రతి పాఠశాలయు తన కట్టుబాటుగా వ్రాసికొనవలయును.

ఆ వ్రాత మన చేతులలోనే యున్నది. ప్రభుత్వ పాఠశాలలలోని యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు నుండవలయుననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలయుననియు 21వ సెక్షను విధించినది. ఆ స్థానములలో మనము వట్టి సంతకములు చేసి వచ్చుట చాలదు.

కట్టుబాటులో నుండవలసినవి నాలుగు. మొదటిది, పాఠశాల ఉపాధ్యాయులెవ్వరును పిల్లల నుండి ప్రైవేటు రుసుము పుచ్చుకొనరాదు. రెండవది, ప్రతి పరీక్ష తరువాత వెనుకబడిన పిల్లల పట్టీ వ్రాసి, వారికి పాఠశాలలోనే రుసుము లేకుండ మరల చెప్పవలయును. మూడవది, అట్లు చెప్పు ఉపాధ్యాయునికి వేరొక పనియందు వెసులుబాటు కలిగింపవలయును. వారికిని సంసారములున్నవి గదా. నాలుగవది, తల్లి ఫిర్యాదు చేసినచో బిడ్డ పేరు బయటపెట్టక విచారింపవలయును. ఈ నాలుగును తెలుగున వ్రాసి పాఠశాల గోడపై అంటించుట మంచిది.

కమిటీ లేని పాఠశాలలలో పిల్లలను చదివించువారు తల్లిదండ్రుల సమావేశమున ఈ కట్టుబాటునే వ్రాతమూలముగా నడుగవచ్చును. ఒక్క తల్లి యడిగిన బిడ్డ కేమి కీడగునో యను భయముండును. పదిమంది కలిసి యడిగిన ఆ భయమునకు తావుండదు. సోదరీమణులారా! రాబోవు సమావేశమునకు ఒంటరిగా పోకుడు. పొరుగింటి తల్లిని, అందును రుసుము చెల్లింపలేని తల్లిని, వెంటబెట్టుకొని పొండు.