మీకు తెలుసా? సింహాన్ని పడగొట్టిన కుక్క జబ్బు

1994లో టాంజానియాలోని సెరెంగెటి అడవిలో సింహాలు తూలుతూ నడిచాయి. మూర్ఛ వచ్చి గడ్డిలో గిలగిలా కొట్టుకున్నాయి. సుమారు వెయ్యి చనిపోయాయి, అంటే అక్కడున్న ప్రతి మూడింటిలో ఒకటి! కారణం కెనైన్ డిస్టెంపర్ వైరస్. అడవి అంచు పల్లెల్లో టీకాలు లేని కుక్కల నుంచి వచ్చిందని పరిశోధకులు భావించారు. ముక్కు, కళ్ల నుంచి కారే నీటితో, తుంపరలతో ఇది అంటుకుంటుంది. పెంపుడు కుక్కకు వేయించే మామూలు టీకాతో ఆగే జబ్బే ఇది. కానీ ఒకే వేటను గుంపంతా మూతులు ఆనించి తినే సింహాల్లో ఎంత వేగంగా పాకుతుందో చూడండి.

మన గుజరాత్‌లోనూ ఆ గండం వచ్చింది. 2018 సెప్టెంబరు, అక్టోబరుల్లో గిర్ అడవిలోని దల్ఖానియా రేంజ్‌లో మూడు వారాల్లోనే 23 సింహాలు ప్రాణాలు విడిచాయి. కొన్నింటిలో పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఇదే వైరస్‌ను గుర్తించింది. అమెరికా నుంచి హుటాహుటిన టీకాలు తెప్పించారు. ప్రపంచంలో ఆసియా సింహాలు స్వేచ్ఛగా తిరిగేది ఈ ఒక్క ప్రాంతంలోనే కాబట్టి భయం రెట్టింపు.

సెరెంగెటి చుట్టుపక్కల కుక్కలకు పెద్దఎత్తున టీకాలు వేశాక కూడా సింహాల్లో ఈ వైరస్ కనిపిస్తూనే ఉంది. హైనాలు, నక్కల వంటి ఇతర జంతువుల్లోనూ అది తిరుగుతుంటుంది మరి.