పరుగు పందెం నుంచి పెనాల్టీ బాక్సులోకి

2025 ఏప్రిల్ 18. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి స్టేడియంలో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు, అంతకుముందు ఏడాది విజేత ఒడిశా ఎఫ్‌సీతో తలపడుతున్నారు. 67వ నిమిషంలో సౌమ్య గుగులోత్ గోల్ కొట్టింది. మ్యాచ్ 1-0తో ముగిసింది, ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్ మొదటిసారి ఈస్ట్ బెంగాల్ సొంతమైంది. రెండు వారాలకే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించింది. సౌమ్యది నిజామాబాద్ జిల్లా.

మన కృష్ణా తీరాన, బందరులో, గుడివాడలో ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ చేరాల్సిన వార్త ఇది.

2001లో లంబాడా కుటుంబంలో పుట్టిన సౌమ్య మొదట్లో బంతి జోలికి పోలేదు. పరుగు పందేల్లో పాల్గొనేది. ఆ వేగం చూసి ఆమెను ఫుట్‌బాల్ వైపు మళ్లించింది నిజామాబాద్‌లో శిక్షణ ఇచ్చే నాగరాజు.

అయితే వేగం ఒక్కటే ఉంటే గోల్స్ కొట్టే ఫార్వర్డ్ అయిపోరు. రన్నర్ తుపాకీ మోత విని బయల్దేరుతుంది. ఫార్వర్డ్‌కు ఆ మోత ఉండదు, ఎప్పుడు కదలాలో తనే తేల్చుకోవాలి. సహచరి బంతిని తన్నే క్షణానికి అవతలి జట్టు చివరి డిఫెండర్‌ను దాటి ముందుకెళ్లి ఉంటే ఆఫ్‌సైడ్. అరక్షణం ఆలస్యమైతే బంతి గోల్‌కీపర్ చేతుల్లో ఉంటుంది. అందుకే మంచి ఫార్వర్డ్ ఒక కన్ను బంతి మీద, ఇంకో కన్ను ఆ డిఫెండర్ పాదాల మీద ఉంచుతుంది. డిఫెండర్ బరువు ఒక కాలి మీదికి ఒరగగానే రెండో పక్కనుంచి దూసుకుపోతుంది. ఇది పుస్తకాల్లో దొరికే చదువు కాదు. వందల మ్యాచ్‌లు ఆడితేనే కాళ్లకు పడుతుంది.

ఆ మ్యాచ్‌లు సౌమ్యకు దొరికాయి, అసలు విషయం అక్కడే ఉంది. మహిళల జాతీయ లీగ్ మొదలైంది 2016-17 సీజన్‌లో, అంటే ఆమె పదిహేనేళ్ల వయసులో. గోకులం కేరళ క్లబ్‌కు ఆడింది. 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ ట్రయల్స్‌లో ఆట చూసి ఆమెనూ, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌నూ తీసుకుంది. అదే ఏడాది కాఠ్మాండూలో జరిగిన దక్షిణాసియా దేశాల శాఫ్ పోటీల్లో పాకిస్థాన్‌పై, మాల్దీవులపై సౌమ్య గోల్స్ కొట్టింది. సెమీఫైనల్లో నేపాల్ చేతిలో భారత్ ఓడింది. మూడేళ్ల తర్వాత, 2025 జూన్‌లో, ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో మంగోలియాపై 13-0 గెలుపులో రెండు గోల్స్ ఆమెవే. జులైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయర్స్ గెలిచి అక్కడికి వెళ్లడం భారత మహిళలకు అదే మొదటిసారి.

ఇక మన కృష్ణా తీరం సంగతి. వరి కోతకు ముందే మినుము చల్లే నేల ఇది, చేలు ఖాళీగా ఉండే రోజులు తక్కువ. ఆడపిల్ల పరుగెత్తాలంటే బడి మైదానమే దిక్కు. దివిసీమ బడుల్లో కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లల కాళ్లలో వేగానికి లోటు లేదు. లోటల్లా వారం వారం ఆడే మ్యాచ్‌లది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ గ్రామీణ బాలికలకు శిక్షణతో పాటు జట్లు కట్టి ఆడించే పద్ధతి పెట్టింది. కరువు సీమలో సాగిన పని కాలువల సీమలో సాగకపోవడానికి కారణం కనిపించదు. పెద్ద మైదానం దొరికేదాకా ఆగనక్కర్లేదు, అయిదుగురేసి ఆడే ఆటకు బడి మైదానంలో చిన్న ముక్క సరిపోతుంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ బడుల మధ్య శనివారాల్లో అలాంటి పోటీలు పెడితే, పరుగు పందెంలో ముందొచ్చే పిల్లలకు బంతితో పరుగెత్తే అవకాశం పన్నెండేళ్లకే దొరుకుతుంది.