బటన్ పలకరిస్తుంది!

పరవాడ అనగానే 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ గుర్తొస్తాయి. అంతా యంత్రాల లోకం. ఫ్యాక్టరీలో యంత్రమైనా, పొలంలో బోరు మోటారైనా కదలాలంటే బటన్ నొక్కాల్సిందే. స్టార్టర్‌పై పచ్చది నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. నొక్కగానే బటన్ లోపలికి పోతుంది, 'టక్'మంటుంది. పని జరిగిందని వేలికే తెలిసిపోతుంది.

మరి కంప్యూటర్ తెరమీది బటన్? అది ఉత్త రంగు ముక్క. లోపలికి పోదు, చప్పుడు చేయదు. అందుకే వెబ్‌పేజీలు తయారుచేసేవాళ్లు దానికి మరో భాష నేర్పారు. మౌస్ బాణం మీదికి రాగానే వెనకున్న రంగు మెల్లగా మారుతుంది. 'నేనే... నొక్కండి' అని పలకరించడమన్నమాట!

ఒకప్పుడు రెండు బొమ్మలు

వెబ్‌పేజీ రంగూ రూపూ చూసుకునే భాష సీఎస్ఎస్. నార్వేకు చెందిన హోకన్ వియుమ్ లీ 1994లో దీన్ని ప్రతిపాదించాడు. 1996 డిసెంబరులో తొలి ప్రమాణం వచ్చింది. మౌస్ మీదికొచ్చిందని కనిపెట్టే 'హోవర్' మాత్రం 1998లో రెండో ప్రమాణంతోనే చేరింది. అంతకుముందు ఒక్కో బటన్‌కీ రెండు బొమ్మలు గీసి, జావాస్క్రిప్ట్‌తో ఒకదాని చోట మరొకటి పెట్టేవారు. నెట్ నెమ్మదిగా ఉంటే రెండో బొమ్మ వచ్చేసరికి మౌస్ వెళ్లిపోయేది! హోవర్ వచ్చాక కూడా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో అది లింకులకే పనిచేసేది. రంగేమో ఠక్కున మారేది. మెల్లగా మార్చే 'ట్రాన్సిషన్' 2007లో యాపిల్ వెబ్‌కిట్‌తో మొదలైంది.

కిటుకు ఇదీ...

మామూలు రంగొకటి, హోవర్ రంగొకటి చెప్పి, మారడానికి ఎంతసేపు పట్టాలో ట్రాన్సిషన్‌లో రాస్తే చాలు. మధ్య ఛాయలన్నీ బ్రౌజరే లెక్కగడుతుంది. సెకనులో అయిదో వంతు సరిపోతుంది. అంతకు మించి సాగదీస్తే బటన్ బద్ధకంగా ఉన్నట్టనిపిస్తుంది. ట్రాన్సిషన్‌ను హోవర్‌లో కాకుండా బటన్ మామూలు స్థితిలోనే రాయాలి. లేదంటే రంగు మెల్లగా వచ్చి, ఠక్కున పోతుంది.

ఒక రంగు మరో రంగులో కలిసిపోయే గ్రేడియెంట్‌తో ఓ చిక్కుంది. ఒక గ్రేడియెంట్‌ను నేరుగా మరోదానిగా మెల్లగా మార్చడం కుదరదు. అందుకని బటన్‌కు రెట్టింపు వెడల్పున గ్రేడియెంట్ పరిచి, హోవర్‌లో పక్కకు జరుపుతారు. కిటికీ వెనక రెండు రంగుల చీర లాగినట్టన్నమాట! రంగు ఎడమనుంచి నిండుతూ రావాలంటే బటన్ వెనక పలచని పొర పెట్టి, సున్నా నుంచి పూర్తి వెడల్పుకు సాగదీస్తారు.

ఒత్తులు జాగ్రత్త

ఆ పొర అంచు దాటకుండా బయటికొచ్చిన భాగాన్ని కత్తిరిస్తారు. తెలుగుకు ఇబ్బంది ఇక్కడే. ఇంగ్లిషుకు సరిపోయే ఎత్తులో 'దరఖాస్తు', 'చెల్లింపు' అని రాస్తే కింద ఒత్తులు తెగిపోవచ్చు. కాబట్టి పైనా కిందా కాస్త ఖాళీ వదలాలి. రంగు మారకముందూ మారాకా అక్షరం స్పష్టంగా కనిపించాలి కూడా. వెనకున్న రంగుకీ అక్షరానికీ తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్నది మామూలు సైజు అక్షరాలకు అంతర్జాతీయ మార్గదర్శకం.

వేలికి హోవర్ లేదు

అసలు విషయం మరొకటుంది. ఫోన్‌లో మౌస్ ఉండదు. పరవాడ కుర్రాడొకడు ఫోన్‌లోనే ఉద్యోగ దరఖాస్తు నింపుతున్నాడనుకుందాం. మౌస్ వస్తేనే బటన్‌లా కనిపించే బటన్ అతని కంటికి ఆనదు. ఫీజు కట్టేచోట నొక్కినా చలనం లేకపోతే మళ్లీ నొక్కుతాడు... డబ్బు రెండుసార్లు పోతే? పైగా కొన్ని ఫోన్లలో వేలు తీశాక కూడా హోవర్ రంగు అలాగే అతుక్కుపోతుంది.

దీనికీ విరుగుడుంది. హోవర్ ఉన్న పరికరాల్లోనే ఆ రంగు మారమని సీఎస్ఎస్‌లో షరతు పెట్టొచ్చు. నొక్కిన క్షణానికి 'యాక్టివ్', కీబోర్డుతో వచ్చేవారికి 'ఫోకస్' అని వేరే స్థితులున్నాయి. కదలికలు చూస్తే తల తిరిగేవారు తమ పరికరంలో 'తగ్గించు' అని పెట్టుకుంటే, ఆ మాటనూ పేజీ మన్నించొచ్చు.

రంగు మారడం అలంకారం మాత్రమే కాదు, జవాబు. ఆ జవాబు మౌస్ ఉన్నవాళ్లకే కాదు... వేలితో నొక్కేవాళ్లకీ అందాలి!