వృద్ధుల బండికి ఏ మోటారు?

నడవలేని వృద్ధులను గోపురద్వారం వరకు చేర్చే బ్యాటరీ బండ్లను భక్తులు క్షేత్రాలలో చూచే ఉంటారు. గోల్ఫ్ మైదానాలలో ఆటగాండ్రను మోసిన బండి, పొగ, చప్పుడు లేనిది కావడం చేత దేవాలయ వీథులకూ చేరింది. ఇట్టి బండిని సమర్పించదలచిన దాతలు ధరనూ, ఆసనాల సంఖ్యనూ అడుగుతారు. లోపలి మోటారు ఏ జాతిదని అడిగేవారు అరుదు. ఎత్తుపల్లాల దారిలో ఎక్కినవారి క్షేమం చాలవరకు దానిపైననే ఆధారపడి ఉంటుంది.

అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే దానిపై బలం కలుగుతుంది. ఆ బలమే ఇరుసును త్రిప్పుతుంది. క్షేత్రాన్ని కల్పించే విధానాన్ని బట్టి మోటార్లలో భేదం ఏర్పడింది.

మొదటిది సిరీస్ డీసీ మోటారు. ఇందులో తిరిగే చుట్టకూ, స్థిరంగా ఉండే చుట్టకూ ఒకే విద్యుత్తు వరుసగా ప్రవహిస్తుంది. అందుచేత బయలుదేరేటప్పుడు లాగే బలం అధికం. విద్యుత్ రైళ్లలో చిరకాలం దీనిని వాడినది ఇందుకే. ధర తక్కువ, మరమ్మతు సులభం. అయితే భారం తగ్గినకొద్దీ దీని వేగం పెరుగుతుంది. పల్లానికి దిగేటప్పుడు బండిని నిలువరించదు. అప్పుడు భారమంతా బ్రేకులదే. అరిగే కార్బన్ బ్రష్‌లను అప్పుడప్పుడు మార్చవలసి ఉంటుంది.

రెండవది సెపరేట్లీ ఎక్సైటెడ్ డీసీ మోటారు. స్థిరమైన చుట్టకు కంట్రోలరు వేరుగా విద్యుత్తు నిస్తుంది. కనుక దిగుడులో మోటారే జనరేటరుగా మారి వేగాన్ని అదుపు చేస్తూ, కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. బ్రష్‌ల బెడద మాత్రం ఉన్నది.

మూడవది ఏసీ ఇండక్షన్ మోటారు. నికోలా టెస్లా 1888లో అమెరికాలో పేటెంట్లు పొందిన జాతి ఇది. బ్యాటరీలోని డీసీని కంట్రోలరు ఏసీగా మార్చి తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. బ్రష్‌లు లేవు, పోషణ స్వల్పం, దిగుడులో అదుపు ఉన్నది. కంట్రోలరు ఖరీదు అధికం.

నాలుగవది శాశ్వత అయస్కాంతాల మోటారు. విద్యుత్తు వృథా తక్కువ. కాని ధర ఎక్కువ. తీవ్రమైన వేడికి అయస్కాంతాల శక్తి క్షీణించవచ్చును.

దానానికి దేశ కాల పాత్రాలు చూడాలని పెద్దలంటారు. ఇక్కడా అవే ప్రమాణం.

దేశం అనగా దారి. ప్రయాణికులతో కలిపి 1,000 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో సమతలంపై నడవడానికి చక్రాల వద్ద సుమారు అర కిలోవాట్ చాలును. పది మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కే దారిలో అదే వేగానికి దాదాపు 3 కిలోవాట్లు కావాలి. కాలం అనగా బండి రోజుకెన్ని గంటలు, ఎంతటి ఎండలో తిరుగుతుందన్నది. పాత్రం అనగా ఎక్కేవారు. కుదుపును, వెనుకకు జారుడును ఓర్వలేని వృద్ధులు.

కనుక సమతలమైన కొద్దిపాటి దారికి సిరీస్ మోటారు చాలును. ఎత్తుపల్లాలుంటే రెండవది గాని, మూడవది గాని ఉండాలి. దినమంతా తిరిగే బండికి మూడవదే మేలు. నాలుగవదానిని ఎంచుకుంటే చల్లబరచే ఏర్పాటు ముందుగా విచారించుకోవాలి.

మోటారు ఇచ్చే అదుపును మాత్రమే నమ్మరాదు. నిండుగా చార్జయిన బ్యాటరీ తిరిగివచ్చే విద్యుత్తును స్వీకరించలేదు. ఆ స్థితిలో ఎత్తునుండి దిగితే ఆ అదుపు తగ్గుతుంది. మంచి బ్రేకులు, నిలిపి ఉంచే బ్రేకు ఏ బండికైనా తప్పనిసరి.

కొనేముందు విక్రేతను ఒక్క పరీక్ష కోరండి. నిండు బరువుతో, మీ దారిలోనే, ఎత్తు నడుమ బండిని ఆపించి మరల కదిలించమనండి. తరువాత దిగి చూపమనండి. బండిపై చెక్కిన దాత పేరును ఎక్కిన వృద్ధురాలు చదవకపోవచ్చును. బండి వెనుకకు జారలేదన్న సంగతి మాత్రం ఆమెకు తెలుస్తుంది.